డెల్టా చెమ్మలో మిల్లు కాగితాలు: ఏ సేవకు డబ్బు పెట్టాలి, ఏ సరుకు వెనక్కి పంపాలి

గోదావరి డెల్టా పరిశ్రమల చరిత్రకు ఆధారాలు చాలావరకు ఊరి గ్రంథాలయాల వెనక గదుల్లో, ట్రస్టు ఆఫీసుల బీరువాల్లో పడి ఉన్నాయి. తణుకులో 1947లో ఆంధ్రా షుగర్స్‌ను స్థాపించినవారిలో ముఖ్యుడు ముళ్ళపూడి హరిశ్చంద్ర ప్రసాద్. చెరకుతో మొదలైన ఆ సంస్థ ఇస్రో రాకెట్లకు ద్రవ ఇంధనం తయారుచేసే దాకా ఎదిగింది. మల్లాడి సత్యలింగం నాయకర్ రంగూన్‌లో సంపాదించిన ఆస్తిని కాకినాడలో చదువులకూ దానధర్మాలకూ వీలునామా రాసి వెళ్లారు. రాజమండ్రి కాగితం మిల్లు 1924లో కర్ణాటిక్ పేపర్ మిల్స్‌గా మొదలైంది. వీటి గురించి రాయబోయేవాళ్లకు కావాల్సినవి షష్టిపూర్తి సంచికలు, వార్షిక నివేదికలు, చెరకు రైతులకు పంచిన కరపత్రాలు, బాయిలర్ నక్షాలు, ప్రారంభోత్సవాల ఫోటోలు. వీటిలో చాలావాటికి రెండో ప్రతి ఉండదు. పోతే పోయినట్టే.

ఇలాంటి సేకరణ ఉన్న గ్రంథాలయాల దగ్గరికి ఇప్పుడు రకరకాల సేవలు వస్తున్నాయి. బైండింగు, లామినేషను, స్కానింగు, "యాసిడ్ లేని" అట్టపెట్టెలు, తేమ తీసే యంత్రాలు, అన్నీ కలిపిన కిట్లు. ఈ సమీక్ష వాటి మీదే. కంటికి బాగా కనబడే సేవకే కమిటీలు ముందు డబ్బు పెడుతున్నాయి. ఎక్కువ నష్టం దానివల్లే జరుగుతోంది.

ముందుగా లామినేషను. జిరాక్సు షాపులో గానీ కాంట్రాక్టు మీద గానీ చేసే ప్లాస్టిక్ లామినేషన్‌కు ఒక్క పాత కాగితం కూడా ఇవ్వొద్దు. ఆ ఫిల్ము లోపలి పొర జిగురు. 100 డిగ్రీలు దాటిన వేడికి కరిగి కాగితం నారలోకి దిగిపోతుంది, మళ్లీ రాదు. కాగితంలోని ఆమ్లం లోపలే ఉండిపోయి పని చేసుకుంటూ పోతుంది. అంచు కత్తిరించిన చోట చెమ్మ లోపలికి పాకుతుంది. నాలుగైదు వర్షాకాలాలు గడిచేసరికి పొరలు విడిపోవడం మొదలై, విడిపోయేటప్పుడు అక్షరాన్ని కూడా లాక్కుపోతాయి. ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌లో అసిటోనుతో, పలచటి టిష్యూతో చేత్తో చేసే లామినేషన్ పద్ధతి ఒకటి రూపొందింది. దశాబ్దాల పాటు ఎన్నో రికార్డులు దానితో నిలబడ్డాయి. అందులో వాడే అసిటేటు పొర కూడా కాలక్రమంలో ఆమ్లం విడుస్తుందని తెలిశాక, ఇప్పుడు ఆ పద్ధతి కూడా మొదటి ఎంపిక కాదు. అంతటి జాగ్రత్త తీసుకున్న పనికే పరిమితి ఉంటే, వేడి రోలరు సంగతి చెప్పక్కర్లేదు.

తరచుగా చూపించాల్సిన పటానికో పోస్టరుకో ప్లాస్టిక్ రక్షణ కావాలంటే, 75 లేదా 100 మైక్రాన్ల పాలియెస్టర్ ఫిల్ము రెండు ముక్కల మధ్య దాన్ని పెట్టి, అంచులు మాత్రమే అంటించాలి. కాగితం అంచుకూ టేపుకూ మధ్య కనీసం 3 మి.మీ. ఖాళీ ఉండాలి. ఒక మూల తెరిచి ఉంచాలి. ఆ ఖాళీ లేకపోతే ఎండకు ఉబ్బిన టేపు జిగురు కాగితం మీదకు పాకుతుంది. ఆమ్లం ఉన్న కాగితమైతే వెనక ఆమ్లాన్ని విరిచే క్షార కాగితం ఒకటి పెట్టాలి. మూసిన కవర్లో ఆమ్లం బయటికి పోదు, కాగితం ఇంకా త్వరగా పెళుసవుతుంది. పెన్సిల్‌తో గీసిన బొమ్మలకు ఇది పనికిరాదు. ఫిల్ములోని స్థిర విద్యుత్తు పొడిని లాగేస్తుంది.

బైండింగు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే బైండరు లేకుండా గ్రంథాలయం నడవదు. మంచి బైండరు దొరికితే వదులుకోవద్దు, పని మాత్రం రాసి ఇవ్వాలి. రాయాల్సినవి ఇవీ: అంచులు కట్టరుతో కోయకూడదు, ఎందుకంటే వార్షిక నివేదికల మార్జిన్లలో ఎవరో డైరెక్టరు పెన్సిల్‌తో రాసిన లెక్కలే ఒక్కోసారి అసలు విషయం. పక్క నుంచి బెజ్జాలు వేసి కుట్టకూడదు, ఫారం ఫారంగా (ఒకే షీటును మడిచిన పేజీల కట్టే ఫారం) మడత మధ్యలో కుట్టాలి. వీపుకు వేడి జిగురు పోయకూడదు. రెక్సిను వద్దు, కాటన్ గుడ్డ చాలు. రెక్సిను మన చెమ్మకు జిగటగా మారి పక్క పుస్తకానికి అంటుకుంటుంది.

జిగురు దగ్గరే అందరూ పొరపడతారు. మన బైండర్లు మైదా ఉడికించి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. తాతల నాటి అలవాటు. పురుగు కొంత ఆగే మాట నిజమే. కానీ మైలుతుత్తంలోని రాగి కాగితం క్షయాన్ని వేగవంతం చేస్తుంది. జిగురు రాసిన చోట గోధుమ రంగు మచ్చ వచ్చి, అక్కడే విరిగిపోతుంది. దానికి బదులు గోధుమ స్టార్చి వాడాలి. మైదాలోంచి గ్లూటెన్ తీసేసిన శుద్ధ స్టార్చి అది. ఒక వంతు స్టార్చికి అయిదు వంతుల నీళ్లు పోసి, అరగంట నాననిచ్చి, సన్న సెగ మీద ఆపకుండా కలుపుతూ 20 నుంచి 30 నిమిషాలు ఉడికించాలి. తెల్లటి పాలరంగు పోయి గాజులా కనబడితే ఉడికినట్టు. చల్లారాక సన్నటి జల్లెడలోంచి రెండుసార్లు వత్తాలి. ఫ్రిజ్‌లో పెట్టినా నాలుగైదు రోజులకు మించి ఉంచొద్దు, పులుపు వాసన వస్తే పారబోయాలి. చిరుగులకు 6 నుంచి 10 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) మధ్య ఉండే, కోజో అనే చెట్టు నారతో చేసిన జపనీస్ టిష్యూ తెప్పించుకోవాలి. కత్తెరతో కోయకుండా, తడి గీత గీసి చేత్తో చింపితే అంచున నారలు లేచి కాగితంలో కలిసిపోతాయి. పారదర్శక టేపు, "మ్యాజిక్" అని రాసి ఉన్నది కూడా, పాత కాగితం దగ్గరికే రానివ్వకూడదు.

ఇక అట్టపెట్టెలు. ఈ మొత్తం సరుకులో డబ్బుకు తగిన ఫలితం ఇచ్చేది ఇదే. మంచి పెట్టె దుమ్మును ఆపుతుంది, వెలుతురును ఆపుతుంది, బయట తేమ ఒక్కసారిగా పెరిగి తగ్గినా లోపల ఆ ఊపు తగ్గిస్తుంది. పైనుంచి నీరు చినుకులుగా పడితే మొదటి దెబ్బ తనే తింటుంది. కొనేటప్పుడు లిగ్నిన్ (కాగితాన్ని పసుపుగా మార్చే చెక్క పదార్థం) లేని అట్ట, పీహెచ్ 7.5కు పైన, కాల్షియం కార్బొనేటు అనే క్షారం కలిపిన రకం అని బిల్లు మీద రాయించుకోవాలి. రాసినా నమ్మకుండా పీహెచ్ పెన్నుతో పరీక్షించాలి. గీత ఊదారంగుకు తిరిగితే సరే, పసుపుగా ఉండిపోతే ఆమ్లం ఉన్నట్టు. ఇక్కడో మోసం జరుగుతోంది. పైన తెల్లటి మంచి కాగితం అతికించి, లోపల మామూలు గోధుమ గుజ్జు అట్ట పెట్టినవి వస్తున్నాయి. అందుకే పైన గీయకూడదు, మూల దగ్గర అట్టను చీల్చి మధ్య పొర మీద గీయాలి. పెన్నును పెట్టె మీద, ఖాళీ ఫోల్డరు మీద మాత్రమే వాడాలి, అసలు పత్రం మీద వాడితే ఆ మచ్చ పోదు.

పెట్టె లోపలి కొలత పత్రం కంటే అన్ని వైపులా అర సెంటీమీటరు ఎక్కువ ఉంటే చాలు. మరీ వదులైతే కాగితాలు వంగి కూలబడతాయి, మరీ బిగువైతే తీసేటప్పుడు చిరుగుతాయి. గుండుపిన్నులు, స్టేపులు ముందే తీసేయాలి. తుప్పు పట్టిన స్టేపును లాగకూడదు, వెనక కాళ్లు రెండూ పలచటి గరిటెలాంటి రేకుతో నిటారుగా లేపి అప్పుడు తీయాలి. డబ్బు తక్కువున్న చోట కోరా గుడ్డ మంచిదే. గంజి పోయేలా రెండుసార్లు ఉతికి ఆరేసి, అందులో కట్టొచ్చు. ఎర్రగుడ్డ వద్దు, తడిస్తే రంగు దిగుతుంది.

నక్షాల దగ్గరికి వచ్చేసరికి, ఇంతవరకు మెచ్చుకున్న ఆ క్షార అట్టపెట్టే శత్రువవుతుంది. కిట్లు అమ్మేవాళ్లు చెప్పని మాట ఇది. ఫ్యాక్టరీల పాత నక్షాలు, నీలం నేల మీద తెల్లగీతలు ఉండేవి, బ్లూప్రింట్లు. ఆ నీలం ఇనుము సమ్మేళనం. క్షారం తగిలితే విరిగి రంగు వెలిసిపోతుంది. కాల్షియం కార్బొనేటు కలిపిన ఫోల్డరులో పెట్టిన బ్లూప్రింటు ఏళ్ల తరబడి మెల్లగా పాలిపోతుంది, పెట్టె తెరిచేదాకా ఎవరికీ తెలియదు. వీటికి తటస్థ పీహెచ్ ఉన్న, క్షారం కలపని కాగితమే కావాలి. ఆర్డరులో ఈ మాట విడిగా రాయాలి. ఎండ తగలకూడదు. ప్రదర్శనకు పెడితే 50 లక్సులకు (వెలుతురు కొలత) మించని వెలుతురులో, కొద్ది వారాలు మాత్రమే. కొంచెం పాలిపోయింది చీకట్లో పెడితే కొంత తిరిగి వస్తుంది, పూర్తిగా మాత్రం రాదు.

తర్వాతి కాలంలో వచ్చిన అమోనియా ప్రింట్లు వేరు. తెల్లటి లేదా మాసిన నేల మీద ఊదా, నీలం, గోధుమ గీతలుంటాయి. వాటిలో మిగిలిపోయిన రసాయనాలు పక్క కాగితాన్ని మరకపరుస్తాయి. బ్లూప్రింటునూ అమోనియా ప్రింటునూ ఒకే ఫోల్డరులో పెట్టకూడదు. మూడో రకం ట్రేసింగు గుడ్డ. పలచటి గుడ్డకు గంజి పట్టించి మెరుగు పెట్టింది. ఇంకుతో చేత్తో గీసిన అసలు డ్రాయింగులు దాని మీదే ఉంటాయి. తడి స్పాంజితో తుడిస్తే గంజి కరిగి గీతే పోతుంది. పొడి మెత్తటి కుంచె చాలు. ఇది తెలియని శుభ్రపరిచే సేవకు నక్షాలు అప్పగించడం కంటే దుమ్ముతో ఉంచడమే మంచిది. చుట్టలుగా ఉన్నవాటిని పరిచి పెట్టడానికి చోటు లేకపోతే, కనీసం 4 అంగుళాల గొట్టానికి పాలియెస్టర్ ఫిల్ము చుట్టి, దాని పైన నక్షాను చుట్టాలి. గొట్టం లోపల దోపితే తీసేటప్పుడు అంచు చిరుగుతుంది.

ఫోటోల ఆల్బమ్‌లలో జిగురు పేజీ మీద ప్లాస్టిక్ పొర మూసే రకమే అన్నిటికంటే చెడ్డది. పీవీసీ కవర్లు కూడా అంతే. పాలియెస్టర్, పాలీప్రొపిలీన్ కవర్లు రసాయనపరంగా మంచివే అయినా, చెమ్మ ఎక్కువైన గదిలో ఫోటో మీది జెలటిన్ మెత్తబడి నున్నటి ప్లాస్టిక్‌కు అతుక్కుంటుంది. తేమ అదుపులో లేని గ్రంథాలయం కాగితపు కవర్లే కొనాలి. కవరు మీద ఫోటో యాక్టివిటీ టెస్టు (ఐఎస్ఓ 18916), అంటే ఆ కవరు ఫోటోను చెడగొడుతుందా అని చూసే పరీక్ష, దాటినట్టు ఉండాలి. వెనిగర్ వాసన వస్తున్న నెగెటివ్‌లను ఆ రోజే వేరే గదికి మార్చి, ముందుగా వాటినే స్కాన్ చేయించాలి. ఆ ఆవిరి పక్కవాటినీ చెడగొడుతుంది.

తేమ కొలిచే చిన్న డిజిటల్ మీటరు ముందు కొనాలి, యంత్రం తర్వాత. చవక మీటర్లు అయిదు శాతం అటూ ఇటూ చూపిస్తాయి, కొన్ని అంతకంటే ఎక్కువ. ఇంట్లోనే సరిచూసుకోవచ్చు. ఒక చిన్న మూతలో వంట ఉప్పు పోసి, ముద్దయ్యేంత నీళ్లు మాత్రమే చిలకరించి, మీటరుతో పాటు గాలి చొరని డబ్బాలో 12 గంటలు ఉంచితే లోపల 75 శాతం తేమ నిలుస్తుంది. మీటరు 70 చూపిస్తే అయిదు కలుపుకుని చదవాలి. ఉప్పు పూర్తిగా కరిగిపోయేంత నీరు పోస్తే పరీక్ష చెడుతుంది. గదిలో 65 శాతం దాటి రోజుల తరబడి ఉంటే బూజు ఖాయం. మన తీరంలో 50 నుంచి 60 మధ్య నిలకడగా ఉంచగలిగితే చాలా మంచి పని చేసినట్టే.

తేమ తీసే యంత్రాల్లో కంప్రెసరు రకమే మన వేడికి సరైనది. అమ్మేవాళ్లు రోజుకు ఇన్ని లీటర్లు అని చెప్పే లెక్క 30 డిగ్రీలు, 80 శాతం తేమ దగ్గరిది. గది ఆరేకొద్దీ అది తగ్గుతుంది. అసలు లెక్క ఇలా వేసుకోవాలి. 12 అడుగులు, 15 అడుగులు, 10 అడుగుల ఎత్తు గదిలో సుమారు 51 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. 30 డిగ్రీల దగ్గర 85 శాతం నుంచి 55 శాతానికి దించాలంటే ఆ గాలిలోంచి తీయాల్సిన నీరు అర లీటరు కూడా ఉండదు. కానీ కిటికీ సందుల్లోంచి గాలి గంటకోసారి మారుతుంటే ఆ అర లీటరు ప్రతి గంటా మళ్లీ వస్తుంది. రోజుకు 11 లీటర్లు. సందులు మూసి నాలుగు గంటలకోసారి మారేలా చేస్తే మూడు లీటర్లకు లోపే. అందుకే రబ్బరు పట్టీ, తలుపు కింద బ్రష్షు పట్టీ పెట్టని గదికి పెద్ద యంత్రం కొనడం కరెంటు బిల్లు కొనుక్కోవడమే. మొదటి వారాల్లో తొట్టి రోజూ నిండితే కంగారు పడక్కర్లేదు. టన్ను కాగితం అంత మేర ఆరేసరికి 40, 50 లీటర్లు వదులుతుంది. వేగం మాత్రం తగ్గించాలి. ఒకేసారి 55కు పెట్టకుండా వారానికి అయిదు శాతం చొప్పున దించాలి, లేకపోతే అట్టలు వంకర్లు తిరుగుతాయి. తొట్టి రకం కంటే గొట్టం బయటికి పెట్టే రకం నయం, ఆదివారం తొట్టి నిండి యంత్రం ఆగిపోయే బాధ ఉండదు.

పగలు మాత్రమే ఏసీ వేసి సాయంత్రం ఆపేసే గది అసలు ఏసీ లేని గదికంటే ప్రమాదం. చల్లబడ్డ కాగితం మీదకు రాత్రి చెమ్మగాలి వచ్చి తడి చేరుతుంది. రోజంతా నడపలేకపోతే ఏసీ మానేసి ఫ్యాను, తేమ తీసే యంత్రం, పెట్టెలు నమ్ముకోవాలి.

సిలికా జెల్ పొట్లాల గురించి చాలా నమ్మకం ఉంది, అంత అర్హత లేదు. మూసిన షోకేసుకు మ్యూజియంలు వాడే లెక్క ఘనపు మీటరుకు 20 కిలోలు. అంటే 40 లీటర్ల డబ్బాకు 800 గ్రాములు. స్టీలు బీరువాలో వేసే రెండు మూడు చిన్న పొట్లాలు తలుపు సందులోంచి వచ్చే చెమ్మకే చాలవు. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో నెగెటివ్‌లకూ ఫోటోలకూ అయితే బాగా పనిచేస్తుంది. నీలం రకంలో కోబాల్టు ఉంటుంది, అది ఆరోగ్యానికి మంచిది కాదు. నారింజ రకం తీసుకోవాలి. రంగు మారాక ఓవెన్లో 110 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు వేడి చేస్తే మళ్లీ వాడొచ్చు. నాఫ్తలీన్ ఉండలు వద్దు. గదిలో కూర్చుని చదివేవాళ్లకే ఆ ఆవిరి ఎక్కువ హాని. ఎండు వేపాకు, వసకొమ్ము పొట్లాలు పెట్టొచ్చు, కానీ ఆకు పొడి కాగితంలో రాలకుండా గుడ్డసంచిలో కట్టి, ఏటా మార్చాలి. చెదలకు ఇవేవీ అడ్డు కావు. బీరువా గోడకు నాలుగు అంగుళాలు, నేలకు ఆరంగుళాలు ఎడంగా ఉంటే చెదల మట్టి దారి ముందే కంటబడుతుంది. చవుడు తేలిన గోడ పక్కన బీరువా ఎప్పుడూ పెట్టొద్దు.

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను కోనసీమను ఊడ్చేసింది. ఆ ప్రాంతంలో సంరక్షణ ఒప్పందం రాసుకునే ఏ సంస్థ అయినా తడిసిన కాగితం సంగతి అందులో పెట్టకపోతే ఆ ఒప్పందం అసంపూర్ణం. తడిసిన కాగితానికి రెండు రోజుల్లో బూజు వస్తుంది. సంచికల్లో వాడే మెరుపు ఆర్టుపేపరు అంత సమయం కూడా ఇవ్వదు, ఆరుతూనే పేజీలు ఒకే దిమ్మెలా అతుక్కుంటాయి. దారి ఒక్కటే, గడ్డకట్టించడం. మనకు ఆ సదుపాయం చేతి దూరంలోనే ఉంది. భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్ల ఫ్రీజర్లు కాగితానికి కావాల్సిన మైనస్ 20 కంటే బాగా కిందికి దిగుతాయి. మామూలు రోజుల్లోనే ఒక ప్లాంటుతో మాట్లాడి, ఎన్ని పెట్టెలు, ఎన్నాళ్లు, వాసన అంటకుండా ఏ కవరు అన్నది కాగితం మీద రాసుకోవాలి. తడిసిన పుస్తకాన్ని తెరవకుండా, మైనపు కాగితంలో చుట్టి, వీపు కిందికి ఉండేలా ఒకే వరసలో క్రేట్లలో పెట్టి పంపాలి. తడి ఫోటోలను మాత్రం ముందు చల్లటి మంచినీళ్లలో ఉంచాలి, అలా రెండు రోజుల లోపు ఒక్కొక్కటిగా విడదీసి ఆరబెట్టాలి. పురుగు పట్టిన పొడి పుస్తకాలకూ ఇదే ఫ్రీజరు పనికొస్తుంది. గాలి తీసిన పాలిథీన్ సంచిలో మైనస్ 20 దగ్గర వారం రోజులుంచి, బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పకూడదు.

స్కానింగు సేవల్లో నాణ్యత తేడా చాలా ఎక్కువ. ధర పేజీకి ఎంత అని అడిగే ముందు ఏ ఫైలు ఇస్తారని అడగాలి. పీడీఎఫ్ మాత్రమే ఇస్తామంటే అక్కడితో ఆపేయాలి. అచ్చు పేజీకి 400 పీపీఐ (అంగుళానికి పిక్సెళ్లు), ఫోటోకు 600, రంగులో, కుదించని టిఫ్ బొమ్మ ఫైలు కావాలి. ఏ4 పేజీ 400 దగ్గర సుమారు 46 ఎంబీ అవుతుంది. వెయ్యి పేజీలకు 46 జీబీ. ఆ లెక్కన డిస్కులు ముందే కొనాలి. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాల మీద, ఒకటి డెల్టా వరద చేరని ఊళ్లో ఉండాలి. పుస్తకాన్ని 180 డిగ్రీలు విప్పి గాజు కింద నొక్కే యంత్రం వద్దు, పుస్తకాన్ని 100 నుంచి 120 డిగ్రీలు మాత్రమే విప్పి నిలిపే తొట్టి ఉన్నదే కావాలి. ఫీడరులో పెట్టి లాగే స్కానరు పెళుసు కాగితాన్ని నమిలేస్తుంది. తెలుగు ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను కంప్యూటరు చదివి పాఠంగా మార్చడం) ఇస్తామన్నా పాత సీసపు అక్షరాల మీద తప్పులు ఎక్కువే వస్తాయి. వెతకడానికి పనికొస్తుంది, ఉటంకించడానికి పనికిరాదు. ఫైలు పేరులో ఎక్సెషన్ నంబరు (గ్రంథాలయ రిజిస్టరులో ఆ ప్రతికి ఇచ్చిన నంబరు), ఫారం నంబరు, పేజీ నంబరు ఉండాలి. "స్కాన్ 0001" అని వచ్చిన ఫైళ్లు రేపు ఎవరికీ అక్కర్లేని కుప్పవుతాయి.

కాపీరైటు భయంతో స్కానింగే ఆపేసిన కమిటీలున్నాయి. 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షన్‌లో 2012 సవరణతో చేరిన 'ఎన్' క్లాజు ప్రకారం, లాభం కోసం నడవని ప్రజా గ్రంథాలయం తన దగ్గర అచ్చు ప్రతి ఉన్న రచనను సంరక్షణ కోసం ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోవచ్చు. అందరికీ ఇంటర్నెట్‌లో పెట్టడం వేరే విషయం, దానికి హక్కుదారు అనుమతి కావాలి. ఈ ప్రాంత పరిశ్రమల పత్రాల్లో హక్కుదారు చాలాసార్లు ఆ కంపెనీయో ఆ కుటుంబ ట్రస్టో అయి ఉంటుంది, ఉత్తరం రాయడం కష్టమేమీ కాదు. ఒప్పందం మొత్తంలో కనీసం మూడో వంతును చివరి చెల్లింపుగా అట్టేపెట్టి, ఇరవైకి ఒకటి చొప్పున యాదృచ్ఛికంగా ఎంచిన ఫైళ్లను అసలు పేజీతో పక్కపక్కన పెట్టి చూశాకే విడుదల చేయాలి. మడత మూల, తప్పిపోయిన పేజీ, తలకిందులైన నక్షా ఉంటే ఆ పుస్తకం మొత్తం మళ్లీ స్కాన్ చేయాలన్న షరతు కూడా అందులోనే ఉండాలి.